ఊరి మురుగును ఆల్గే శుభ్రం చేస్తుందా? చేస్తుంది, కానీ చెరువులో ద్రావణం పోస్తే కాదు

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. ఊరి జనాభా రెండు వేలు. మురుగు కాలువలన్నీ చివరికి ఊరి చెరువులోనే కలుస్తున్నాయి. చెరువు ఏడాదిలో ఎక్కువ నెలలు పచ్చగా ఉంటోంది, వేసవిలో వాసన కొడుతోంది, కిందటేడు చేపలు కూడా చచ్చి తేలాయి. ఒక కంపెనీ వాళ్ళు వచ్చి, తమ ద్రావణం నెలకోసారి చెరువులో పోస్తే మంచి రకం ఆల్గే (నీళ్ళను పచ్చబరిచే సన్నటి నాచు) పెరిగి మురుగంతా తినేస్తుందని చెప్పారు. పంచాయతీలో తీర్మానం పెట్టే ముందు, వార్డు సభ్యులుగా మీకో సందేహం: ఆల్గేతో మురుగు నిజంగా శుద్ధవుతుందా, వీళ్ళ మాట నమ్మొచ్చా?

మొదటిదానికి జవాబు: అవుతుంది. ఎండ దండిగా ఉన్న మన ప్రాంతానికి ఇది చాలా అనువైన పద్ధతి. రెండోదానికి జవాబు: నమ్మొద్దు. ఆల్గే మురుగును మాయం చేయదు, తన ఒంట్లోకి తీసుకుంటుంది. ఆ ఆల్గేను నీళ్ళలోంచి బయటికి తీసినప్పుడే శుద్ధి పూర్తయినట్టు. చెరువులో ద్రావణం పోసేవాళ్ళు బయటికి తీసే సంగతి ఎత్తరు. మీ చెరువుకు ఆల్గే కొరత లేదు, ఇప్పటికే పచ్చగా ఉంది కదా. లేనిది దాన్ని తీసే ఏర్పాటు.

మురుగునీటి గుంటల డిజైను, వాటి నిర్వహణ నా వృత్తి. పల్లెలకూ, గురుకులాల హాస్టళ్ళకూ, పాల కేంద్రాలకూ పనిచేశాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, తీర్మానం రోజు మీకు పనికొస్తుంది.

మురుగులోని మలినాన్ని తినేది అసలు బ్యాక్టీరియా. మెతుకులు, సబ్బు నురగ, మలం, అన్నీ వాటికి ఆహారమే. కానీ వాసన రాకుండా తినాలంటే ఆక్సిజన్ కావాలి. పట్నాల్లోని ఎస్టీపీల్లో (మురుగు శుద్ధి కేంద్రాల్లో) ఆ గాలిని బ్లోయర్లతో కొడతారు. ప్లాంటుకు అయ్యే కరెంటులో సగం దాకా దానికే పోతుంది. ఆల్గే ఉన్న గుంటలో ఆ పని ఎండ చేసిపెడుతుంది. పగలు ఆల్గే ఆక్సిజన్ వదులుతుంది. బ్యాక్టీరియా దాన్ని వాడుకుని మలినాన్ని విరగ్గొట్టి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆల్గే దాన్ని తీసుకుని ఇంకా పెరుగుతుంది. 1950లలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం ఆస్వాల్డ్, ఆయన సహచరులు ఈ జంట పనిని లెక్కలతో సహా నిరూపించారు. మన దేశంలో నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మన ఎండకు, మన అక్షాంశాలకు తగిన కొలతలు ఇచ్చారు. ఇదేమీ కొత్తగా పుట్టిన టెక్నాలజీ కాదు, ఎవరి రహస్య ఫార్ములా కూడా కాదు.

ఇప్పుడు మీ ఊరి లెక్క చూద్దాం. మనిషికి రోజుకు 45 గ్రాముల బీఓడీ అనుకుందాం. బీఓడీ అంటే ఆ మలినాన్ని బ్యాక్టీరియా తినడానికి పట్టే ఆక్సిజన్. రెండు వేల మందికి 90 కిలోలు. ఒక కిలో ఎండు ఆల్గే పెరిగేటప్పుడు సుమారు కిలోన్నర ఆక్సిజన్ వదులుతుంది. అంటే 90 కిలోల ఆక్సిజన్ అంతా ఆల్గే నుంచే రావాలంటే రోజుకు 60 కిలోల ఎండు ఆల్గే పెరగాలి. నీళ్ళు పిండిన ముద్దగా చూసినా అది ఐదారు వందల కిలోలు ఉంటుంది. రోజూ.

ఆ ముద్ద ఎక్కడికి పోతుంది? చెరువులోనే ఉండిపోతే కొన్నాళ్ళకు చచ్చి అడుగుకు చేరుతుంది. అక్కడ దాన్ని కుళ్ళబెట్టడానికి బ్యాక్టీరియాకు మళ్ళీ దాదాపు అంతే ఆక్సిజన్ కావాలి. ఒక చేత్తో అప్పు తీర్చి ఇంకో చేత్తో అంతే అప్పు తెచ్చినట్టు. పైగా ఎండు ఆల్గేలో నత్రజని 6 నుంచి 8 శాతం, భాస్వరం 1 శాతం దాకా ఉంటాయి. చచ్చిన ఆల్గే లోంచి అవి తిరిగి నీళ్ళలోకి వస్తాయి, కొత్త ఆల్గేకు ఎరువవుతాయి. ఏటేటా పచ్చదనం ముదరడానికి కారణం ఇదే. (కట్టిన గుంటల్లో మలినం కొంత అడుగున పేరుకుని అక్కడే మీథేన్‌గా మారి గాల్లో కలుస్తుంది కాబట్టి నిజంగా పెరిగే ఆల్గే 60 కిలోల కన్నా తగ్గుతుంది. విషయం మాత్రం మారదు.)

తీర్మానానికి ముందు పంచాయతీ ఆఫీసులోనే ఒక పరీక్ష చేసి చూపించండి. మధ్యాహ్నం పూట చెరువు నీళ్ళు ఒక గాజు సీసా నిండా పట్టండి. మూత బిగించి, సీసాకు నల్లగుడ్డ చుట్టి, బీరువాలో పెట్టండి. మొదటి రోజు నీళ్ళు చిక్కటి పచ్చరంగులో, పెద్దగా వాసన లేకుండా ఉంటాయి. ఐదారు రోజులు పోయాక తీసి చూస్తే పచ్చ గోధుమరంగుకు తిరిగి, సీసా అడుగున మెత్తటి మడ్డి చేరి ఉంటుంది. మూత తీయగానే కుళ్ళు వాసన కొడుతుంది. కొత్తగా మురుగు ఒక్క చుక్క కూడా కలపలేదు కదా, మరి ఈ వాసన ఎక్కడిది? ఆ ఆల్గేదే. సభ్యులకు నా లెక్కల కన్నా ఈ సీసా బాగా అర్థమవుతుంది.

మీ చేపలు చచ్చిపోయింది కూడా ఇందుకే అయి ఉండొచ్చు. ఆల్గే ఆక్సిజన్ ఇచ్చేది ఎండ ఉన్నంత సేపే. రాత్రయితే అది కూడా అందరితో పాటు ఆక్సిజన్ పీలుస్తుంది. చిక్కగా పచ్చబడ్డ నీళ్ళలో మధ్యాహ్నం రెండు గంటలకు ఆక్సిజన్ లీటరుకు 15 మిల్లీగ్రాములు దాటి ఉండొచ్చు, అవే నీళ్ళలో తెల్లవారుజామున ఒకటి కూడా ఉండకపోవచ్చు. మామూలుగా 30 డిగ్రీల నీళ్ళు పట్టుకోగలిగింది ఏడున్నర. కైకలూరు, ఆకివీడు వైపు చేపల రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ముసురు పట్టిన రాత్రుల్లో ఏరియేటర్లు (నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు) వేసి చెరువు గట్టు మీదే పడుకుంటారు, తెల్లారేసరికి చేప పైకొచ్చి నోరు తెరుస్తుందేమోనని. కాబట్టి ఎవరైనా మధ్యాహ్నం పట్టిన శాంపిల్ రిపోర్టు చూపిస్తే ఒప్పుకోకండి. సూర్యోదయానికి ముందు కొలిచింది అడగండి.

మరి ఏం చేయాలి? మురుగును చెరువులోకి రాకముందే ఆపి, దాని కోసమే తవ్విన గుంటల్లో నిలబెట్టాలి.

నీరి సూచించిన లెక్క ప్రకారం 16 డిగ్రీల అక్షాంశం దగ్గర, అంటే దాదాపు విజయవాడ ఉన్న చోట, హెక్టారు గుంట రోజుకు 275 కిలోల బీఓడీని మోయగలదు. మీ 90 కిలోలకు హెక్టారులో మూడో వంతు, అంటే 80 సెంట్లు. లోతు మీటరున్నర. ఇందులో పై నీళ్ళలో ఆల్గే, బ్యాక్టీరియా పనిచేస్తాయి. అడుగున ఆక్సిజన్ లేని చోట మడ్డి నెమ్మదిగా జీర్ణమవుతుంది. మనిషికి 70 లీటర్ల చొప్పున మురుగు వచ్చిందనుకుంటే ఇక్కడ నీళ్ళు నెల రోజులకు పైగానే నిలుస్తాయి. దీని తర్వాత మీటరు లోతున రెండు చిన్న గుంటలు, ఒక్కోదాంట్లో ఐదు రోజులు. ఇవి రోగక్రిముల కోసం. లోతు తక్కువ కాబట్టి ఎండ బాగా దిగుతుంది. పగలు ఆల్గే కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల నీటి పీహెచ్ 9 దాటుతుంది. ఎండ, ఎక్కువ ఆక్సిజన్, ఎక్కువ పీహెచ్ కలిసినప్పుడు మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా బతకడం కష్టం. గట్లు, దారి కలుపుకుని ఎకరంన్నర దాకా చూసుకోండి. మీ ఊళ్ళో మరుగుదొడ్లకు ఇంకుడు గుంతలుండి, కాలువల్లోకి స్నానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు మాత్రమే వస్తుంటే ఇందులో సగంతో సరిపోవచ్చు. అందుకే ముందు కాలువ చివర నీళ్ళు కొలిపించాలి. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా గంట గంటకూ, కనీసం ఒక వారం.

స్థలం అంత లేకపోతే రెండో దారి ఉంది. ఆస్వాల్డ్ పేరుతో ప్రసిద్ధమైంది ఇదే. పరుగుపందెం ట్రాక్ ఆకారంలో తవ్విన కాలువ, లోతు 30 నుంచి 40 సెంటీమీటర్లు, ఒక చక్రం నీటిని మెల్లగా తిప్పుతూ ఉంటుంది. వేగం సెకనుకు 15 నుంచి 30 సెంటీమీటర్లు, అంతకన్నా అక్కర్లేదు. నీళ్ళు కొన్ని రోజులే నిలుస్తాయి, ఆల్గే చిక్కగా పెరుగుతుంది, స్థలం కలిసొస్తుంది. స్పెయిన్‌లోని చిక్లానాలో ఇలాంటి కాలువల్లో మురుగుతో పెంచిన ఆల్గే నుంచి గ్యాస్ తీసి కార్లు కూడా నడిపారు. కానీ చక్రం ఆగితే ఆల్గే అడుగుకు దిగిపోతుంది, మోటారు చూసే మనిషి రోజూ ఉండాలి. పంచాయతీలో ఆ మనిషికి జీతం ఎవరిస్తారో తేలకపోతే దీని జోలికి వెళ్ళొద్దు. ఇలాంటి చోట్ల నేను మొదటి పద్ధతికే ఓటు వేస్తాను. కదిలే భాగం ఒక్కటి కూడా లేని గుంట పదేళ్ళ తర్వాత కూడా పనిచేస్తూ కనిపిస్తుంది.

ఇక అసలు చిక్కు, ఆల్గేను బయటికి తీయడం. ఇక్కడే చాలా ప్రాజెక్టులు చతికిలబడతాయి. ఒక్కో కణం మిల్లీమీటరులో వందో వంతు ఉంటే ఎక్కువ. లీటరు నీళ్ళలో ఉండేది అర గ్రాము లోపే. వడగడదామంటే గుడ్డ నిమిషాల్లో పూడుకుపోతుంది. పటిక వేస్తే గడ్డకట్టి దిగుతుంది, కానీ రోజూ లక్షా నలభై వేల లీటర్లకు పటిక కొనడం ఊరికి భారం, ఆ మడ్డి పొలానికీ అంత మంచిది కాదు. మునగ గింజల పొడి కూడా నీళ్ళు తేర్చుతుంది, అయితే గింజల్లోని సేంద్రియ పదార్థం నీళ్ళలో మిగిలి బీఓడీ పెంచుతుంది. పల్లెకు నేను సూచించేవి రెండు: చివరి గుంట బయట రాళ్ళ ఫిల్టరు, లేదా నీళ్ళను పంటకు పెట్టడం. రాళ్ళ ఫిల్టరులో గుప్పెడు సైజు కంకర మధ్యలోంచి నీళ్ళు నిదానంగా పోతూ ఉంటే ఆల్గే రాళ్ళకు అంటుకుని అక్కడే కుళ్ళుతుంది. ఇక పొలానికి పెడితే ఆల్గేను విడిగా తీయనే అక్కర్లేదు. ఆ నత్రజని, భాస్వరం పైరుకే అందుతాయి. పశుగ్రాసానికి, కొబ్బరికి, సరుగుడుకు పెట్టండి. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి లాంటి వాటికి వద్దు.

మూడో మార్గం చేపలు. ప్రపంచంలో దీనికి మించిన ఉదాహరణ లేదనుకుంటాను: కోల్‌కతా తూర్పు చిత్తడి నేలలు. 12,500 హెక్టార్ల ప్రాంతం, 2002లో ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. నగరం మురుగు అక్కడి లోతు తక్కువ చెరువుల్లోకి కొలతగా వదులుతారు, ఎండకు ఆల్గే పెరుగుతుంది, చేపలు దాన్ని తింటాయి, జనం చేపలను పట్టుకుంటారు. చేపను పట్టడమంటే మురుగులోని పోషకాన్ని బయటికి తీయడమే. దీన్ని నడిపింది తరతరాల జాలరులు, రైతులు. ఈ చెరువులు మురుగును శుద్ధి చేస్తున్నాయని లోకానికి చాటింది ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజనీరు. నాకు ఈ వృత్తి మీద గౌరవం పెరిగింది ఆయన పని వల్లే. మీ ఊళ్ళోనూ చివరి గుంటలో వెండి చేప (సిల్వర్ కార్ప్), శీలావతి వేయొచ్చు. వెండి చేప నీళ్ళలో తేలే ఆల్గేను నేరుగా వడగట్టి తింటుంది. షరతు ఒకటే: కాలువలోకి ఫ్యాక్టరీ నీళ్ళు, బ్యాటరీ షాపుల ఆమ్లం, పురుగుమందు డబ్బాలు కడిగిన నీళ్ళు రాకూడదు. అనుమానం ఉంటే చేపల మాట ఎత్తొద్దు.

పుస్తకాల్లో తక్కువగా, గట్టు మీద ఎక్కువగా కనిపించే కొన్ని విషయాలు కూడా చెబుతాను.

నూనె. ఒక హాస్టల్ గుంట ఎంతకీ పచ్చబడలేదు, బూడిదరంగులోనే ఉండిపోయింది. ఆల్గే విత్తనం తెచ్చి పోద్దామా అని అడిగారు. పొద్దునపూట వెళ్ళి చూస్తే నీటి మీద పల్చటి నూనె పొర, గాలి వాటానికి ఒక మూలకు చేరి తెట్టు కట్టింది. వందల మందికి వంట జరిగే చోట గిన్నెలు కడిగిన నీళ్ళు నేరుగా వస్తున్నాయి. పొర కింద వెలుతురు లేదు. వంటింటి బయట నూనె తొట్టి కట్టించి, వారానికోసారి తీయమన్నాం. విత్తనం ఏమీ పోయకుండానే గుంట పచ్చబడింది. ఆల్గే విత్తనం గాలిలో, పక్షుల కాళ్ళకు, కాలువ బురదలో ఎప్పుడూ ఉంటుంది. కొని పోయాల్సిన సరుకు కాదది.

రంగు. ఆకుపచ్చ మంచిది. నలుపో బూడిదరంగో ఉంటే మురుగు మోతాదు మించింది. గులాబీ, ఊదా రంగు తిరిగినా అదే అర్థం, గంధకం మీద బతికే బ్యాక్టీరియా పెరిగిందన్నమాట. పెయింటు ఒలికినట్టు చిక్కటి నీలి ఆకుపచ్చ తెట్టు గట్టు వెంట చేరితే జాగ్రత్త పడాలి. అది మైక్రోసిస్టిస్ లాంటి జాతి కావచ్చు, దానిలో కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉండొచ్చు. పశువులను ఆ నీళ్ళు తాగనివ్వొద్దు. మీ చెరువులో ఇప్పుడున్న పచ్చదనం ఏదో మొదట తేల్చాల్సిందే.

ఒక్కసారిగా తేటపడటం. గుంట ఉన్నట్టుండి ఒక వారంలో అద్దంలా తేరుకుంటే ఊళ్ళో వాళ్ళు సంబరపడతారు. దగ్గరికెళ్ళి గ్లాసుతో నీళ్ళు ముంచి వెలుతురుకు పెట్టి చూడండి. ఎర్రటి చుక్కల్లా ఎగిరెగిరి ఈదే మోయినా పురుగులు కనిపిస్తాయి. ఆల్గే అంతా అవి తినేశాయి. నీళ్ళు తేటగా ఉన్నాయి గానీ ఆక్సిజన్ ఇచ్చేది ఎవరూ మిగల్లేదు, రెండు మూడు రోజుల్లో వాసన మొదలవుతుంది. అలాంటప్పుడు మురుగు రాకను కొంత తగ్గించి, పక్క గుంట పచ్చ నీళ్ళు కొన్ని తోడి పోస్తే కోలుకుంటుంది.

దోమల భయం సహజమే. గట్టు అంచున గడ్డి నీళ్ళలోకి వంగి ఉన్నచోటే లార్వాలు చేరతాయి, నడి గుంటలో కాదు. గట్టు లోపలి వాలుకు రాయి పరిపించి, గడ్డి కోయిస్తూ ఉంటే చాలు. గుర్రపు డెక్క ఒక్క మొక్క కనిపించినా తీసేయించండి, అది కప్పేస్తే ఆల్గేకు ఎండ అందదు. వేసవిలో ఆవిరి సంగతీ లెక్కలో వేసుకోవాలి: రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే మీ 80 సెంట్ల గుంట నుంచే 26 వేల లీటర్లు పోతాయి. ఆ నీళ్ళ మీద ఎవరైనా రైతు ఆశ పెట్టుకుని ఉంటే ముందే చెప్పాలి.

నిబంధనల మాట. 2017 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఎస్టీపీ నుంచి బయటికి వదిలే నీళ్ళలో, మెట్రో నగరాలు కాని చోట్ల, బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, తేలే ఘనపదార్థాలు 100 దాటకూడదు, మలసంబంధ కోలిఫారం బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 1000 లోపు ఉండాలి. జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే న్యాయస్థానం) 2019లో ఇంకా కఠినంగా చెప్పింది. ఆల్గే ఉన్న నీళ్ళను అలాగే పరీక్షిస్తే ఘనపదార్థాల దగ్గర తప్పే అవకాశం ఎక్కువ. ఐరోపాలో గుంటల నీళ్ళను వడగట్టి పరీక్షించే వీలు 1991 నుంచే ఉంది, ఎందుకంటే ఆల్గే బీఓడీ, మురుగు బీఓడీ ఒకటి కాదని వాళ్ళు ఒప్పుకున్నారు. మీరు ల్యాబుకు ఇచ్చేటప్పుడు వడగట్టి ఒకటి, వడగట్టకుండా ఒకటి, రెండు రిపోర్టులూ అడగండి. రెంటి మధ్య తేడా ఎంతో, బయటికి తీయాల్సిన ఆల్గే అంత.

కంపెనీ వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు అడగాల్సినవి: పెరిగిన ఆల్గేను ఎవరు, దేనితో, ఎన్ని రోజులకోసారి తీస్తారు? తీసింది ఎక్కడ వేస్తారు? కాలువల నుంచి రోజూ వచ్చే మురుగు అలాగే వస్తుంటే ద్రావణం ఎన్నాళ్ళు పోస్తూ ఉండాలి? తెల్లవారుజాము ఆక్సిజన్ ఎంత ఉంటుందని రాసిస్తారా? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు ఇస్తే ఆ కాగితం ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను. నోటి మాటగా "చేపలు తినేస్తాయి", "దానంతటదే తగ్గిపోతుంది" అంటే తీర్మానం వాయిదా వేయండి.

మురుగు మళ్ళించాక కూడా చెరువు వెంటనే తేటపడదు. ఇన్నేళ్ళ భాస్వరం అడుగు మట్టిలో ఉంది, వేసవిలో నీళ్ళు తగ్గి ఆక్సిజన్ పడిపోయినప్పుడల్లా అది పైకి వస్తుంది. చెరువు ఎండిన ఏడాది ఆ పూడిక తీయించి పొలాలకు తోలించండి, రైతులకు అదే మంచి ఎరువు. ఫ్యాక్టరీ నీళ్ళు కలిసిన చెరువైతే మాత్రం మట్టి పరీక్ష చేయించకుండా తోలొద్దు.

మీరు రాయాల్సినవి రెండు మిగిలాయి: చెరువుకు ఎగువన పంచాయతీ భూమి గానీ పోరంబోకు గానీ ఎంత ఉంది, మరుగుదొడ్ల సెప్టిక్ ట్యాంకుల నీళ్ళు కాలువలోకి వదిలిన ఇళ్ళు సుమారు ఎన్ని. అవి తెలిస్తే గుంటల కొలతలు వేసి, అంచనాకు పనికొచ్చేలా ఇక్కడే రాస్తాను.